కీటకముల వలపు: వాసననుండి మెదడు వఱకు

పురుగులకు మోహ మెట్లు కలుగునని యడుగుటకు మన పెద్దలు జంకుదురు. ఫ్రాన్సు దేశపు ఫాబ్రే పండితుడు (1823-1915) జంకలేదు. ఆయన యింట తీగెవల మూతక్రింద నుంచిన యొక యాడు సీతాకోకచిలుకకై, మే నెలలో నొక రాత్రి, సుమారు 40 మగచిలుకలు చీకటిని జీల్చుకొని వచ్చిపడినవి.

వాసనవంటి దేదియో కారణమై యుండునని ఆయన తలచెను. ఆ వస్తువు చేత జిక్కుటకు 1959 వఱకు బట్టినది. జర్మనీలో బుటెనాంట్ సుమారు 20 ఏండ్లు శ్రమించి, 5 లక్షల ఆడు పట్టుచిలుకల గ్రంథులను బిండి, కొలది మిల్లిగ్రాముల వస్తువును మాత్రము రాబట్టెను. దాని పేరు బాంబికాల్. (1939లో నోబెల్ బహుమానము రాగా హిట్లరు ప్రభుత్వము పుచ్చుకొననీయని పండితు డీయనయే.)

అయినను వాసన తగిలినంతనే మగపురుగు కీలుబొమ్మవలె నాడదు. లోన నొక యదుపు కలదు. ముంగాళ్లు జోడించి మ్రొక్కుచున్నట్లుండు మాంటిస్ పురుగును 1935లో అమెరికాలోని కెనెత్ రోడర్ పరిశోధించెను. కూడినపుడు దాని యాడుది మగదాని తల గొఱికి తినుట కలదు. స్త్రీస్వభావమే యిట్టిదని దీనికి వ్యాఖ్యానములు చేసిన రసికులు పలుదేశములందు బుట్టిరి. అవి నాకు పురుగును జూచి పలికిన మాటలుగా దోపవు. ప్రతి కలయికయందును అట్లు జరుగదు. ఆకలిగొన్న యాడుదే ఆ పని హెచ్చుగా జేయును. రోడర్ చూపినది వేఱు: తల పోయిన మగపురుగు సంగమచేష్టలు మానకపోగా, ఎడతెగక చేయును. తలలోని నాడీగ్రంథి యంతవఱకు వానికి గళ్లెము పట్టియుండెను.

తరువాతి కథ డ్రోసోఫిలా యను చిన్న యీగది. మిగులముగ్గిన పండ్లమీద ముసురునదే. మగ యీగ ఆడుదానివెంట నడచి, కాలితో దట్టి, ఒక రెక్క చాచి కంపింపజేసి పాడును. దానికి నేర్పినవారు లేరు. 1963లో కుల్బీర్ గిల్ ఒక వింత యీగలజాతిని వెల్లడించెను: అందలి మగవి తోడి మగవానిని గూడ వలచును, ఆడువానితో గూడనేరవు, సంతానము లేదు. దానికి గారణమైన జీనునకు ఫ్రూట్‌లెస్, అనగా నిష్ఫలము, అని పేరు నిలిచెను. 2005లో వియన్నా పరిశోధకులు ఆ జీనుయొక్క పురుషరూపమును ఆడు యీగలందు గల్పింపగా, అవి సాటి యాడువానిని వెంటాడినవి.

కలిగిన కోరిక తఱుగు టెట్లు? 2016లో అమెరికాలో వెలువడిన పరిశోధన మొకటి దీనిని విప్పినది. పలుమాఱులు కూడిన మగ యీగ విరక్తి జెంది, సుమారు 3 దినములకు గాని తేఱుకొనదు. ఆ విరక్తికాలమున మెదడులో డోపమైను వెలువరించు కొన్ని నాడీకణముల పని తగ్గియుండును. ఆ కణములను పరిశోధకులు మేలుకొలుపగా, విసిగి యూరకున్న యీగయే మరల రెక్క చాచినది.