సారథి పీఠము

మోటారు కార్లలో తోలు సీటును నేడు మనము ఐశ్వర్యచిహ్నముగా నెంచుచున్నాము గాని, ఆ గౌరవము దానికి ఆదినుండియు కలది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో ఇంగ్లండునందలి ధనికులు చేయించుకొనిన పెద్ద కార్లలో, పైకప్పు లేని ముందుభాగమున వానకు తడియుచు ఎండకు మాడుచు కూర్చుండు డ్రైవరునకు తోలు పఱచి, అద్దముల చాటున వెనుక కూర్చుండు యజమానులకు మెత్తని ఉన్నివస్త్రమును అమర్చెడివారు. తడికి ఓర్చుటయే నాడు తోలునకు గల యోగ్యత. గుఱ్ఱపు బగ్గీలను కట్టిన వడ్రంగులే కార్ల తొట్లను గూడ కట్టుటచే ఈ పద్ధతి మాఱుమాటలేక సంక్రమించెను.

బగ్గీతోపాటు అశ్వశాలలోని పరిచర్యయు వచ్చినది. జీనులను సబ్బుతో తుడిచి, పశువుల కాలియెముకలను పాదములను నీట మరిగించగా పైకి తేలిన నూనెను వానికి పట్టించుట గుఱ్ఱపువాండ్ర నిత్యకృత్యము. ఆ నూనెయం దొక విశేషము కలదు: కడుపులోని కొవ్వు కొద్దిపాటి చలికే గడ్డకట్టును, సదా చల్లని నేలపై నిలువవలసిన కాళ్లలోని కొవ్వు అంత త్వరగా పేరుకొనదు, కావుననే అది తోలుపోగులలోనికి దిగి వానిని చిరకాలము మృదువుగా నుంచును. చెట్ల పట్టలతో ఊనిన, అనగా పదును చేసిన, తోలు అట్టి నూనెను ఆబగా త్రాగెడిది. మనవైపు ఆ పట్ట తంగేటిది; బతుకమ్మకు పూవు నిచ్చు చెట్టే సుమా! దానితో సగము ఊనిన తోళ్లు మద్రాసు రేవునుండి లండనుకు ఎగుమతి యగుచుండెను.

1884లో అమెరికాయందు ఆగస్టస్ షుల్జ్ పట్టకు మాఱుగా క్రోము లవణములతో ఊను విధానమునకు పేటెంటు పొందెను. ఇరువదవ శతాబ్దారంభమున చాటర్టన్ అను దొర దానిని మద్రాసున ప్రవేశపెట్టెను.

అయినను నూనె పట్టించు ఇంటి వైద్యమును తాఱుమాఱు చేసినది ఊనుట కాదు, పైపూత. నేటి కార్ల తోలులో అధికభాగమునకు రంగు కలిపిన పాలియురేతేను పొర యుండును. డ్రైవరు ఎక్కి దిగునపుడు ఒరసికొను అంచున మొదట అరుగునది ఆ పొరయే. అడుగునున్న తోలు తరచుగా చెక్కుచెదరక యుండును. పూతగల అట్టి తోలునకు నూనె పట్టించినచో ఫలితము లేకపోవుటయే గాక, పిమ్మట వేయు రంగు అంటకుండును. జిడ్డు తీసి, సన్నని గరుకు కాగితముతో సున్నితముగా రుద్ది, పగుళ్లలో సాగెడు లప్పము నింపి, రంగును పలుచని పూతలుగా నెక్కించి, చివర రక్షకపు పూత వేయుటయే దానికి తగిన చికిత్స. గుఱ్ఱపువాని నూనెను నేటికిని సర్వరోగనివారిణిగా వాడుచుండుట ఆచారబలమే గాని వివేకము కాదు.

పాఠకులు నూనె కొనుటకు ముందు, సీటుపై అరగని మూలయందు ఒక నీటిచుక్క వేసి చూడవలెను. అది ఇంకి మచ్చ నల్లబడినచో పూతలేని తోలు. దానికి నూనె వలయును. పైననే నిలిచినచో కొనవలసినది రంగు.