పెద్దల లెక్కలు - పోలవరము

తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతములో రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసెను. లెక్క మన నోటి భాషలోనికి వచ్చెను. 1991లో ఏర్పడిన మన సార్వత్రిక విద్యాపీఠము, బడి మానిన పెద్దలకును పదవ తరగతి గణితమును క్రమముగా అందుబాటులోనికి తెచ్చెను.

పోలవరములో ఈ చదువు జీవనాధారమునకు సంబంధించినది. ఇక్కడి ప్రాజెక్టు 2014లో జాతీయ ప్రాజెక్టు ఆయెను. 2013 భూసేకరణ చట్టము ప్రకారము పరిహారముపై నూరు శాతము సొలేషియము చేర్చవలెను. సెంటుకు 48.4 చదరపు గజములు. నూరు సెంట్లు ఎకరము. వైశాల్యము, శాతము రాని రైతు కాగితముపై అంకెను ప్రశ్నింపజాలడు, వ్రేలిముద్ర వేయును.

కావున పెద్దలకు పాఠము సూత్రముతో గాక చేనిగట్టున మొదలు కావలెను. తాడు పట్టి తన పొలమును తానే కొలిచిన వాడు వైశాల్యమును మరువడు.