దారితోడు

మన పత్రికల్లో 'కాన్వాయ్' అంటే ముఖ్యమంత్రిగారి కార్ల వరస. సైరన్ మోగుతుంది, ట్రాఫిక్ ఆగిపోతుంది, ఇంత హడావిడీ ఒక్క మనిషి కోసం. సముద్రం మీద ఈ మాట దాదాపు తలకిందులవుతుంది. అక్కడ కాన్వాయ్ అంటే సరుకు ఓడల గుంపు. అందులో అన్నిటికన్నా నెమ్మదైన ఓడ ఎంత వేగంగా పోగలిగితే గుంపంతా అంతే వేగంతో పోవాలి. యుద్ధనౌకలు చుట్టూ ఉండి కాస్తాయి.

ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటలో లాటిన్ 'వియా' దాగి ఉంది. దారి అని అర్థం. ముందున్న 'కాన్' మన 'సహ' లాంటిది. మనకూ 'సార్థం' ఉంది, దాన్ని నడిపే పెద్ద 'సార్థవాహుడు' ఉన్నాడు, 'బిడారు' ఉంది. కానీ వాటిలో వర్తకుల గుంపు కనిపిస్తుందే తప్ప కాపు కనిపించదు. నాకైతే 'దారితోడు' అనాలనిపిస్తుంది. పొద్దుపోయాక పొరుగూరు వెళ్లే చెల్లెలికి "తోడెళ్లరా" అంటారు చూడండి, ఆ తోడు. తోడు వెళ్లినవాడు దొంగను వెతుక్కుంటూ పోడు, చెల్లెల్ని విడవకుండా నడుస్తాడు.

రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో బ్రిటన్, అమెరికా నౌకాదళాల మధ్య వచ్చిన తగాదా ఈ తోడు గురించే. జనవరిలో జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరం మీద పడ్డాయి. తీరపట్టణాల్లో దీపాలు ఆర్పలేదు. ఆ వెలుగుకు అడ్డంగా ఒంటరి ట్యాంకర్లు నల్లగా కనబడేవి. కాపు కొద్దిగా ఉన్నా సరే ఓడల్ని గుంపు కట్టించండని లండన్ చెప్పింది. గుంపు కడితే మిగతా సముద్రమంతా ఖాళీ, శత్రువుకు వెతుకులాటే మిగులుతుంది. అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్ ఒప్పుకోలేదు. చాలీచాలని తోడుతో గుంపు కట్టడం అసలు కట్టకపోవడం కన్నా ప్రమాదమని ఆయన పక్షం. కాపునౌకల కొరత నిజమే, పసిఫిక్ యుద్ధమూ ఆయన నెత్తినే ఉంది. అయినా ఈ విషయంలో న్యాయం లండన్ వైపే ఉందని నా నమ్మకం. గస్తీనౌకలు ఖాళీ నీళ్లను కాస్తుంటే సరుకు ఓడలు వందల్లో మునిగాయి.

జలాంతర్గాముల మీదికి పంపే 24 ట్రాలర్లను బ్రిటన్ అమెరికాకు సాయంగా పంపింది. వాటిలో 'బెడ్‌ఫర్డ్‌షైర్' మే రెండో వారంలో టార్పెడో దెబ్బకు పోయింది. నౌకలో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. నార్త్ కరోలినాలోని ఒక్రకోక్ దీవికి కొట్టుకొచ్చిన నలుగురిని అక్కడే పూడ్చారు, ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. సరిగ్గా ఆ వారంలోనే తీరం వెంట కాన్వాయ్‌లు మొదలయ్యాయి. జూన్‌లో సైన్యాధిపతి జార్జ్ మార్షల్ ఓడల నష్టం చూసి కలవరపడి ఉత్తరం రాస్తే, ఫలితం ఆశించదగ్గ దారి ఓడలకు తోడు పంపడమొక్కటేనని జవాబు రాసింది ఈ కింగే.

ఇక సార్థవాహుడెవరు? గుంపులో ఒక సరుకు ఓడ మీద 'కమొడోర్' ఉండేవాడు. చాలాసార్లు ఆయన అడ్మిరల్‌గా రిటైరై, యుద్ధం వచ్చిందని చిన్న హోదాకు ఒప్పుకొని తిరిగొచ్చిన పెద్దాయన. ఓడల వరసలూ మలుపులూ ఆయన చూసుకునేవాడు. కాపునౌకల నాయకుడు కొడుకు వయసువాడైనా రక్షణ విషయంలో అతని మాటే చెల్లేది. ఆ పెద్దవాళ్లంటే నాకెంతో గౌరవం.

నడిసముద్రంలో ఇంత తేలిగ్గా కుదిరింది ఒడ్డున కుదరలేదు. ఉత్తర అట్లాంటిక్ కాపులో పెద్ద వాటా కెనడా కార్వెట్లు మోస్తున్నాయి, పడమటి సగం మీద అధికారం మాత్రం అమెరికా అడ్మిరల్‌ది. ఆ అధికారం మాకు దక్కాలని కెనడా పట్టుబట్టింది. వేర్వేరు దేశాల నౌకల్ని కలగలిపి నడపడం కింగ్‌కూ గిట్టదు. 1943 మార్చిలో వాషింగ్టన్ సమావేశంలో ఆయన ఉత్తర మార్గం కాన్వాయ్‌ల నుంచి తన నౌకల్ని తప్పించుకున్నాడు. ఏప్రిల్ 30న వాయవ్య అట్లాంటిక్ పెత్తనం హాలిఫాక్స్‌లో ఉన్న రియర్ అడ్మిరల్ లెనర్డ్ మర్రే చేతికి వచ్చింది. ఆ యుద్ధంలో ఒక మిత్రరాజ్యాల రంగానికి అధిపతి అయిన కెనడా దేశస్థుడు ఆయనొక్కడే.