మేనరికం లెక్క

బెజ్జంకిలో పెళ్లి మాటలు మొదలైతే, కట్నం సంగతి రాకముందే తేలాల్సినవి రెండు: ఇంటిపేరు, వరుస. "పిల్ల వరుసకు వస్తదా?" అని ఇంటి పెద్ద అడిగితే మూడు తరాల చుట్టరికం అక్కడికక్కడే నోటిలెక్కన తేలిపోవాలి. ఇంటిపేరు ఒకటైతే సంబంధం అక్కడితో ఆగిపోతుంది, వాళ్లు అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. చిన్నాయన కూతురు చెల్లెలు, పెద్దమ్మ కూతురు అక్క. మేనమామ కూతురూ మేనత్త కూతురూ మాత్రం మరదళ్లు. అక్కబిడ్డను చేసుకోవడానికీ అడ్డు లేదు. 2016 అక్టోబరులో ఈ మండలం కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. పాలన ఎటు మారినా వరుసల లెక్క మారదు, అది తెలుగు నేల మొత్తానిది.

ఇది నిన్నమొన్నటి ఆచారం కాదు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటం దక్షిణాదివాళ్ల ప్రత్యేక ఆచారమని బౌధాయన ధర్మసూత్రం చెప్పింది. ఉత్తరాదివాళ్లకు అది ఆనాడే వింతగా తోచింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాల్లో పెళ్లిళ్లను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. ధర్మశాస్త్రం, చట్టం రెండూ అడిగింది ఒప్పా తప్పా అనే. పుట్టబోయే బిడ్డకు ముప్పెంత అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే జీవశాస్త్రం, గణితం కలిసి కూర్చోవలసి వచ్చింది. ఆ కలయికలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. ఛార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్లాడాడు. ఆమె అతని తల్లి సుసానాకు స్వయానా తమ్ముడి కూతురు. అంటే మన లెక్కన అచ్చమైన మేనరికం. వాళ్లకు పదిమంది పిల్లలు పుట్టారు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ల ఆనీ 1851లో చనిపోవడం డార్విన్‌ను కుంగదీసింది. తమ పెళ్లే పిల్లల అనారోగ్యానికి కారణమా అన్న బెంగ ఆయన్ను వదల్లేదు. 1871 జనగణనలో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల గురించి ఒక ప్రశ్న చేర్చాలని మిత్రుడు జాన్ లబ్బక్ ద్వారా పార్లమెంటులో ప్రయత్నించాడు. సభ ఒప్పుకోలేదు.

ప్రభుత్వం లెక్కించకపోతే కొడుకు లెక్కించాడు. జార్జ్ డార్విన్ కేంబ్రిడ్జి గణితశాస్త్రవేత్త. పెళ్లి ప్రకటనల్లో వధూవరుల ఇంటిపేరు ఒకటే అయిన జంటలను ఏరి, అందులో యాదృచ్ఛికంగా కలిసినవాటిని తీసేసి, మిగిలినదాన్నిబట్టి తోబుట్టువుల పిల్లల మధ్య జరిగే పెళ్లిళ్లు ఎన్నో 1875లో అంచనా వేశాడు. లండన్‌లో నూటికి ఒకటిన్నర, ప్రభువుల కుటుంబాల్లో నాలుగున్నర అని తేల్చాడు. తండ్రి బెంగను కొడుకు సంఖ్యలోకి మార్చిన ఆ వ్యాసం జీవశాస్త్రం, గణితం కలిసి చేసిన తొలి పనుల్లో ఒకటిగా నిలవదగ్గది.

అదే పద్ధతిని బెజ్జంకికి తెస్తే మాత్రం జవాబు సున్నా వస్తుంది. ఇక్కడ ఇంటిపేరు కలిస్తే అసలు పెళ్లే జరగదు. మేనరికాలన్నీ ఇంటిపేరు మారిన చోటే జరుగుతాయి. ఇంగ్లండుకు పనికొచ్చిన కొలత తెలుగు నేలకు పనికిరాదు. ఇక్కడి వరుసలు తెలిసినవాళ్లే ఇక్కడి లెక్క కట్టాలి.

అందుకు కావలసిన సాధనాన్ని 1922లో అమెరికా శాస్త్రవేత్త స్యూయల్ రైట్ తయారుచేశాడు. పశువుల వంశవృక్షాలు, సీమపందుల సంతానం చూస్తూ అంతఃప్రజనన గుణకం అనే కొలతను సూత్రీకరించాడు. పేరు బరువుగా ఉన్నా లెక్క ఎవరికైనా అందుతుంది. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. బిడ్డకు ఏది చేరుతుందన్నది బొమ్మా బొరుసూ లాంటిదే. ఇప్పుడు ఒక మేనరికం తీసుకుందాం. ఉమ్మడి తాతకు రెండు ప్రతులు, అవ్వకు రెండు, మొత్తం నాలుగు. వాటిలో ఒకదాని వెంట కిందికి నడిస్తే, అది కొడుక్కు చేరే అవకాశం సగం, అతని నుంచి మనవరాలికి సగం, ఆమె నుంచి బిడ్డకు సగం. వెరసి ఎనిమిదో వంతు. కూతురి వైపు నుంచీ అంతే. రెండు దారుల్లోనూ అదే ప్రతి వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం 64లో ఒకటి. నాలుగు ప్రతులకు కలిపి 16లో ఒకటి. అక్కబిడ్డను చేసుకున్నప్పుడు ఒకవైపు ఒక తరం తగ్గుతుంది కాబట్టి అది 8లో ఒకటి.

దీని అర్థమేమిటి? రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బు ఒకటి ఉందనుకుందాం. చెడిన ప్రతి జనంలో నూటికి ఒకటి చొప్పున ఉందనుకుందాం. చుట్టరికం లేని దంపతుల పిల్లల్లో 10,000 మందికి ఒకరికి ఆ జబ్బు వస్తుంది. మేనరికంలో ఏడుగురికి, అక్కబిడ్డ పెళ్లిలో 13 మందికి. ముప్పు పెరిగిన మాట నిజం. జబ్బు రాని పిల్లలే చాలా ఎక్కువన్నదీ అంతే నిజం. ఇలాంటి జబ్బులు వందల్లో ఉన్నాయి కాబట్టి ఆ చిన్న ముప్పులన్నీ కూడతాయి. మేనరికం అనగానే అవిటి పిల్లలంటూ భయపెట్టేవాళ్లూ, ఏమీ కాదని కొట్టిపారేసేవాళ్లూ ఇద్దరూ ఈ అంకెలను ఒకసారి చూడాలి.

మరో విశేషం ఉంది, అది మన ఇళ్లలో పెద్దగా చర్చకు రాదు. మేనమామ కూతురైనా మేనత్త కూతురైనా పెళ్లి పెద్దలకు ఒకటే వరుస. ఎక్స్ క్రోమోజోముకు మాత్రం ఒకటి కాదు. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఇచ్చేది వై. మేనత్త కూతురిని చేసుకున్నప్పుడు చుట్టరికం పెళ్లికొడుకు తండ్రి వైపుది, ఆ వైపు ఎక్స్ అతనికి రానేలేదు. అందువల్ల వాళ్లకు పుట్టే ఆడపిల్లల్లో ఎక్స్ మీద ఈ గుణకం సున్నా. మేనమామ కూతురిని చేసుకుంటే అదే గుణకం 8లో ఒకటి. అక్కబిడ్డ విషయంలోనూ అంతే.

ఈ లెక్కలను భారతీయ బంధుత్వాల మీద పెట్టినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ప్రాచీన గ్రీకు లాటిన్ సాహిత్యం, సైన్సులో ఒక్క డిగ్రీ కూడా లేదు. అయినా 1924 నుంచి సహజ ఎంపికకు గణిత సిద్ధాంతం కట్టాడు. 1957లో లండన్ వదిలి గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు అప్పటికే అక్కడ ఆచార్యులు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ హాల్డేన్ దగ్గర శిష్యుడిగా చేరారు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల మీద సర్వే చేసి 1960లోనూ 1963లోనూ వ్యాసాలు ప్రచురించారు. సొంత ఊళ్ల మేనరికాలు శాస్త్ర పత్రికల్లోకి ఎక్కాయి. 1962లో హాల్డేన్, సురేశ్ జయకర్ కలిసి మానవ బంధుత్వాలను వర్గాలుగా లెక్కపెట్టిన వ్యాసం రాశారు.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు.

1966లో జన్యుశాస్త్రవేత్త ఎల్.డి. సంఘ్వీ ఆంధ్ర గ్రామీణ ప్రాంతాల్లోని మేనరికాల మీద అధ్యయనం ప్రచురించారు. శతాబ్దాలుగా ఇలాంటి పెళ్లిళ్లు జరిగినచోట కొన్ని చెడు జన్యువులు ఎప్పుడో ఏరివేతకు గురై ఉండవచ్చు కదా అన్న చర్చ ఆ రోజుల్లోనే నడిచింది.

తర్వాతి మలుపు హైదరాబాద్‌ది. 2009 సెప్టెంబరులో 'నేచర్' పత్రికలో అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్, నిక్ ప్యాటర్‌సన్ తదితరులు ఒక పరిశోధన ప్రచురించారు. ప్యాటర్‌సన్ గణితజ్ఞుడు, ఒకప్పుడు బ్రిటిష్ గూఢచార సంస్థలో రహస్య సంకేతాలు విప్పే పని చేసినవాడు. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏలో ఐదు లక్షలకు పైగా స్థానాలను పోల్చి చూశారు. మన వైశ్యులు వందకు పైగా తరాల కిందట ఒక చిన్న గుంపు నుంచి విస్తరించారని, ఆనాటి నుంచీ బయటి పెళ్లిళ్లు చాలా అరుదని ఆ లెక్క చెప్పింది. కండరాలను సడలించే స్కోలిన్ మందును విరిచే ఎంజైము ఈ సమూహంలో కొందరిలో లోపిస్తుంది. అలాంటివారికి ఆపరేషన్ బల్ల మీద ఆ మందు ఇస్తే ఊపిరి తిరిగి అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. 2017లో తంగరాజ్, రైక్ బృందాలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించాయి. వాటిలో 81 సమూహాల్లో ఇలాంటి చిన్న గుంపు ఆరంభం బలంగా కనిపించింది. అంటే మేనరికం ఎన్నడూ ఎరగని ఇంట్లో కూడా, కులంలోపలి పెళ్లిళ్ల వల్ల, పాత చుట్టరికం రక్తంలో మిగిలే ఉంటుంది.

అందుకే డాక్టరు "మీది మేనరికమా?" అని అడిగితే అవును, కాదు అని ఊరుకోకండి. మేనమామ వైపా, మేనత్త వైపా, అక్కబిడ్డా, అంతకుముందు తరంలోనూ మేనరికం ఉందా, అన్నీ చెప్పండి. ఇంట్లో పసిబిడ్డ ఎవరైనా కారణం తెలియకుండా పోయి ఉంటే అదీ చెప్పండి. బేగంపేటలోని ఉస్మానియా జన్యుశాస్త్ర సంస్థలోనూ, నిమ్స్ జన్యువైద్య విభాగంలోనూ మొదట అడిగి గీసుకునేది వంశవృక్షమే. బెజ్జంకి అవ్వలు నోటితో చెప్పే ఆ వరుసలను, వాళ్లు ఉండగానే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.