సిరిసిల్ల సాంచాలకు కొనేవాడు ఒక్కడే: ఆర్డరు ఆగితే ఏమవుతుంది?

వస్త్ర పరిశ్రమలో సరఫరా ఇబ్బందులంటే నూలు ధర పెరగడం, సరుకు లారీ ఆలస్యం కావడం వంటివే ముందు గుర్తొస్తాయి. 2024 ఆరంభంలో సిరిసిల్లలో సాంచాలు ఆగింది నూలు దొరక్క కాదు. కొనేవాడు వెనక్కి తగ్గినందుకు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలో దాదాపు 30 వేల మరమగ్గాలున్నాయి. స్థానికంగా వాటిని సాంచాలంటారు. ఎక్కువ భాగం పాలిస్టర్ గుడ్డ నేసేవే. యజమాని యారన్ తెప్పించి, బీములు తయారు చేయించి ఆసామికి ఇస్తాడు. ఆసామికి సొంత సాంచాలుంటాయి కానీ పెట్టుబడి ఉండదు, కూలికి నేసిస్తాడు. ఆ కూలిలోంచే సాంచా నడిపే కార్మికుడికి, వైపని కార్మికుడికి వాటా అందాలి. పైన చెల్లింపు ఒక నెల ఆలస్యమైతే కింద ఇంటి కిరాణా ఖాతా పెరుగుతుంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. కావాల్సినవి దాదాపు కోటి. చీరకు, జాకెట్టు గుడ్డకు కలిపి ఆరు మీటర్ల పైచిలుకు చొప్పున లెక్కేసినా ఆరు కోట్ల మీటర్లు దాటుతుంది. తొలి ఏడాది అంత సరుకు సిరిసిల్ల సమయానికి ఇవ్వలేకపోయింది, పెద్ద భాగం సూరత్ నుంచి తెచ్చారు. నాణ్యత బాగోలేదని కొన్నిచోట్ల మహిళలు చీరలు తగలబెట్టారు. ఆ తర్వాత ఆర్డర్లు ముందుగానే ఇచ్చి, టెస్కో ద్వారా సిరిసిల్లలోనే నేయించారు. ఖర్చు ఏటా రూ.300 కోట్లు దాటింది. వలసలు తగ్గాయి, కూలి పెరిగింది. అది నిజమైన మేలే. అయితే బయటి వ్యాపారులతో తెగిన సంబంధాలను ఆ మంచి రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2023 చివర్లో ప్రభుత్వం మారింది. కొత్త ఆర్డర్లు రాలేదు, పాత బకాయిలు అందలేదు. యజమానులు ఉత్పత్తి నిలిపేశారు. 2024లో నేతకార్మికుల ఆత్మహత్యలు మళ్లీ వార్తల్లోకొచ్చాయి.

తర్వాత వేములవాడలో యారన్ డిపో పెట్టారు. పెట్టుబడి లేని చిన్న యూనిట్‌కు అరువు మీద నూలు దొరకడం అవసరమే, కానీ నేసిన గుడ్డ కొనే మనిషిని అది తీసుకురాదు. 2025లో మహిళా సంఘాలకు ఇచ్చే చీరల ఆర్డరుతో సాంచాలు మళ్లీ ఆడాయి. పథకం పేరు మారింది, కొనుగోలుదారు మాత్రం పాతవాడే. ఒకే మార్కెట్‌ను నమ్ముకునే ముప్పు ప్రభుత్వ ఆర్డర్లకే పరిమితం కాదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు తిరుప్పూర్ ఎగుమతిదారులూ ఇదే చూశారు.

ప్రభుత్వం కొనడం మానేయాలని దీనర్థం కాదు. బడి యూనిఫాం గుడ్డ, సంక్షేమ హాస్టళ్ల దుప్పట్లు, చీరలు అన్నీ ఒకే సీజన్‌లో కాకుండా ఏడాది పొడవునా పంచి ఆర్డరిస్తే ఖాళీ నెలలు తగ్గుతాయి. చెల్లింపు గడువు ఇంకా ముఖ్యం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. ఆ హక్కు అడగాలంటే యూనిట్ ఉద్యమ్‌లో నమోదై ఉండాలి, ఎంత సరుకు ఎప్పుడు ఇచ్చామో కాగితం చూపాలి. నోటిమాట మీద బీము తీసుకునే ఆసామి దగ్గర లేనిది ఆ కాగితమే.