తూకానికి పోయిన పెట్టె

మన సంఘంలో ఒక పెద్దాయన జీవితమంతా లేత్ మీద పనిచేశారు. రిటైరయ్యాక కూడా ఇంటి వెనక చిన్న లేత్ పెట్టుకుని సరదాకి ఏదో ఒకటి చేస్తూనే ఉండేవారు. ఆయన పోయాక పనిముట్ల పెట్టె తుక్కు కొట్టుకు వెళ్లిపోయింది. మనం పరామర్శకు వెళ్లాం, భోజనాలు చేశాం, పెట్టె గురించి మాత్రం ఒక్కరం అడగలేదు.

చంద్రపూర్ అంటే బొగ్గు అనేస్తాం గానీ ఇక్కడ ఇనుము కథ కూడా ఉంది. 1882లో ఈ చాందా జిల్లా లోహారా ఇనుప ఖనిజం మీద ఒక జర్మన్ నిపుణుడు రాసిన నివేదిక చదివాకే జంషెట్జీ టాటాకు ఉక్కు కర్మాగారం ఆలోచన గట్టిపడింది. దగ్గర్లోని వరోరా బొగ్గు ఆ పనికి పనికిరాలేదు. కర్మాగారం జంషెడ్‌పూర్‌కి పోయింది. మనకు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, థర్మల్ స్టేషన్ వచ్చాయి. యంత్రాలున్నచోట మరమ్మతులు తప్పవు, మరమ్మతులున్నచోట లేత్ తప్పదు.

ఇంట్లో చేసుకున్న పనిముట్టంటే కొనలేనివాడి తిప్పలు అని మనలో చిన్నచూపు ఉంది. అది తప్పు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే మర కోసే లేత్ తయారుచేసినప్పుడు, దానికి కావలసిన కచ్చితమైన మరల్ని కొనడానికి దుకాణం ఎక్కడుంది? ఒక మరతో ఇంకా మెరుగైన మరను కోసుకుంటూ పోవాల్సిందే. మన సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది కూడా రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న 1943లోనే. తర్వాత ఎన్నో వర్క్‌షాపుల్లో ప్రాగా చక్‌లు తిరిగాయి.

ఆ పెట్టెలో మనం చూసినవి కొన్ని గుర్తున్నాయి. పవర్ హాక్సా పాత బ్లేడును సానబట్టి చేసిన పార్టింగ్ టూల్. ఇనుప కడ్డీకి అడ్డంగా రంధ్రం వేసి, హెచ్‌ఎస్‌ఎస్ ముక్క దూర్చి, స్క్రూతో బిగించిన బోరింగ్ బార్. స్ప్రింగు పెట్టిన చక్ తాళం. చెయ్యి వదిలితే అదే బయటికి వచ్చేస్తుంది. తాళం చక్‌లో మరిచిపోయి మోటారు వేస్తే ఏమవుతుందో టర్నర్లకు చెప్పక్కర్లేదు.

ఆయన దగ్గర మనం నేర్చుకున్నది ఇంకొకటి. సెంటర్ కావాలంటే మెత్తటి కడ్డీని చక్‌లో బిగించి, అక్కడే 60 డిగ్రీల మొన తీసేవారు. చక్ ఎంత అరిగినా ఆ మొన వంకర తిరగదు, తిరిగే చోటే కోశాం కాబట్టి. ఒకసారి ఊడదీస్తే మాత్రం ఆ సుఖం పోతుంది, మళ్లీ బిగించినప్పుడు మళ్లీ కొయ్యాలి. కొత్త చక్‌కి డబ్బు పెట్టలేని కుర్రాళ్లకు ఇంతకంటే పనికొచ్చే మాట ఏముంది?

మీ ఇళ్లలో నాన్నగారివో తాతగారివో ఇలాంటి పెట్టెలుంటే, తూకానికి వేసేముందు ఒక్కో వస్తువుకీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏది దేనికో రాసిపెడతామని మనలో ఇద్దరు పాత టర్నర్లు మాటిచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి.