పడిగె నుంచి పాఠం దాకా

గోదావరి ఒడ్డు కోయ పల్లెల్లో సాంఘిక శాస్త్రం బడికన్నా పాతది. దానికి పుస్తకం లేదు, పడిగె ఉంది. కొలుపుల వేళ డోలీ కళాకారులు ఆ మూడు మూలల బట్టను విప్పి, దాని మీది బొమ్మలు చూపిస్తూ వేల్పుల కథ పాడేవారు. ఏ గట్టు (గోత్రం) వాళ్ళు ఎవరికి అన్నదమ్ములు, ఎవరితో వియ్యమందవచ్చు, ఏ ఇంటిపేరుకు ఏ వేల్పు అన్నది పిల్లలకు ఆ పాటలోనే తెలిసేది. మణుగూరు ప్రాంతపు డోలీ గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ దక్కింది ఈ విద్యకే.

1860లలో ఈ గోదావరి ఒడ్డునే ఉన్న దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషన్ వెలిసింది. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచారాలను, మాటను శ్రద్ధగా రాసిపెట్టాడు. బడి వచ్చింది. అయితే కోయల కథలు పరిశోధకుల పత్రికలకెక్కాయిగానీ పిల్లల పలక మీదికి రాలేదు. తరవాతి సర్కారు బడుల్లోనూ అంతే. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. పాఠంలో ఎక్కడెక్కడి రాజులో, వాళ్ళ యుద్ధాలో.

చరిత్రను కథగా చెబితే పిల్లలు చెవి ఒగ్గుతారని గుజరాత్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల నాటికే ‘దివాస్వప్న’లో రాశాడు. పిల్లల సొంత మాటలో చదువు చెప్పే ప్రయత్నమూ జరిగింది. నిజాం ఏలుబడిలోని ఆదిలాబాద్ అడవుల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించాడు. వాళ్ళ కోసం గోండి వాచకాలూ తయారయ్యాయి. కోయ మాటకు ఆ యోగం పట్టడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు వాటిలో కోయ ఒకటి. మరుసటి ఏడు వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి చదువును బయటి బతుకుతో ముడిపెట్టమంది.

ముడిపెట్టడానికి దుమ్ముగూడెంలో సరుకు తక్కువేం కాదు. పర్ణశాల వాగులో రాళ్ళ మీది చారలను సీతమ్మ చీర ఆరేసిన గుర్తులంటారు. అది నమ్మకం. నదికి అడ్డంగా ఉన్న పాత ఆనకట్ట, మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) పత్తిని పడవల మీద సముద్రానికి దించాలని తెల్లదొరలు తలపెట్టి, నడుమ వదిలేసిన పథకంలోది. అది చరిత్ర. రెండూ కథలే. రెండింటినీ చెప్పి, “ఇది మనకెలా తెలుసు?” అని పంతులు అడిగిన చోట కథ పాఠమవుతుంది.

అన్నిటికన్నా చిన్న కథ ఒకటుంది. ఈ ప్రాంతం 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయింది. తాతది ఒక జిల్లా, తండ్రిది ఒక జిల్లా, పిల్లవాడిది ఇంకొకటి. ముగ్గురూ పుట్టింది ఒకే ఇంట్లో. ఇల్లు కదలకుండా జిల్లా ఎలా మారిందో ఆ పిల్లవాడు తాతను అడిగిన రోజు, సాంఘిక శాస్త్రం మళ్ళీ ఇంటి అరుగు మీదికి వచ్చినట్టే.